దక్షిణం చూసే స్టేషన్

2006 నవంబరు 17, శుక్రవారం. బహ్రెయిన్, మనామా, నయీమ్‌లో మా అమ్మాయి ఫ్లాటు, ముందు హాలు. ఉన్నవారు: నేను, మా అమ్మాయి, అల్లుడు, అల్లుడి తండ్రి అంటే మా వియ్యంకుడు, వియ్యపురాలు, మామీర్ లేబర్ క్యాంపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకడు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. స్టేషన్ మాస్టరుగా ఉన్నప్పుడు పడిన అలవాటు ఇది. యార్డులో ఏది జరిగినా ముందు తేదీ, చోటు, ఎదుట ఉన్నవాళ్ళు రాయాలి. ఎవరిది తప్పన్నది ఆ తర్వాత. ఆ శుక్రవారం మాత్రం ఎవరిది తప్పో నాకు మొదటి నుంచీ తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పేజీ తీస్తే చెవులు వేడెక్కుతాయి.

నా భార్య పోయాక అమ్మాయి నన్ను తన దగ్గరికి తీసుకొచ్చింది. ఆమె ఒక క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియన్. ఆ ఫ్లాటు క్లినిక్కు వాళ్ళు ఆమె ఉద్యోగానికి ఇచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోమని మనవి, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరూ గుర్తుంచుకునేవారు కాదు.

నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిపింది నల్లమల అంచున ఒక చిన్న మీటరుగేజి స్టేషన్లో. బ్రాడ్‌గేజి వేసినప్పుడు లైను కాస్త పక్కకు జరిపారు. కొత్త స్టేషన్ ఇంకోచోట కట్టి, పాతదాన్ని పడగొట్టారు. పెంకులు ఒకరు, రాయి ఒకరు పట్టుకుపోయారు. ఇప్పుడక్కడ తుమ్మచెట్లు. ఆ భవనానికి నా దగ్గర సరైన ఫొటో కూడా లేదు. ఉన్న ఒక్క ఫొటోలో నా భార్య నిలబడి ఉంటుంది, ఆమె వెనక వరండా స్తంభం సగం. అంతే మిగిలింది. అందుకే దాన్ని మళ్ళీ కట్టాలనుకున్నాను. బొమ్మ కోసం కాదు, కాలక్షేపానికీ కాదు. నేను కూడా పోయాక ఆ స్టేషన్ ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి.

ఈ దేశంలో రైలే లేదు. పట్టాలు ఎక్కడ దొరుకుతాయి అనుకుంటుంటే, అద్లియాలో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషాయన తన సామాన్లన్నీ వాకిట్లో పెట్టి అమ్ముతున్నాడని అల్లుడు చెప్పాడు. అక్కడ చిన్న పట్టాలు, ఇంజను, ట్రాన్స్‌ఫార్మర్ దొరికాయి. పట్టాల మధ్య దూరం తొమ్మిది మిల్లీమీటర్లు. మీటరుగేజి అంటే అసలు దూరం మీటరు. కాబట్టి అసలు మీటరుకు నా దగ్గర తొమ్మిది మిల్లీమీటర్లు. ఈ లెక్క కుదిరిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తలుపు ఎత్తు, వరండా వెడల్పు, ప్లాట్‌ఫారం అంచు, ఒక్కొక్కటి గుర్తు చేసుకుని కొలత వేశాను. గుర్తు రానిచోట కళ్ళు మూసుకుని నా గదిలోంచి టికెట్ కిటికీ దాకా నడిచాను.

భవనమంతా చొక్కాల ప్యాకెట్లలో వచ్చే అట్టతో కట్టాను. సిరా అయిపోయిన పెన్నుతో గట్టిగా గీతలు నొక్కితే రాతిగోడ అతుకులు వచ్చాయి. పైకప్పుకు మంగుళూరు పెంకులు: అట్టను సన్నటి పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి పళ్ళు తీసి, కింది నుంచి పైకి వరసలుగా అతికించాను. స్తంభాలకు కబాబు పుల్లలు. ఇంజన్లకు నీళ్ళు పట్టే ట్యాంకు ఫిలిం రోలు డబ్బీ. వాడిన టీ పొడి ఎండబెట్టి చల్లితే ఆ ఊరి నేల వచ్చింది. పట్టాల కింద కంకరకు బొంబాయి రవ్వకు నల్లరంగు వేసి పోశాను. మా వియ్యపురాలు వచ్చిన కొత్తలో అది చూసి, "తినే రవ్వని పట్టాల కింద పోస్తారా అన్నయ్యగారూ, ఉప్మా చేస్తే నలుగురు తినేవారు కదండీ," అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పటికింకా నవ్వే స్థితిలోనే ఉన్నాను.

ప్లాట్‌ఫారం పడమటి చివర, కాస్త దక్షిణంగా ఒక నుయ్యి ఉండేది. స్టాఫంతా ఆ నీళ్ళే తాగాం. పెన్ను మూత చుట్టూ కాగితం చుట్టి, గట్టిపడ్డాక మూత లాగేసి, పాడైన చేతి గడియారంలోని చిన్న చక్రాన్ని గిలకగా పెట్టాను. ఇదంతా కట్టిన బల్ల మీద నాకు అన్నిటికంటే బాగా కుదిరింది అదే.

అసలు స్టేషన్ దక్షిణం చూసేది. పట్టాలు తూర్పు పడమరలు, వాటికి ఉత్తరాన భవనం. హాల్లో ఉత్తరపు గోడకు ఆనించి బల్ల వేస్తే దిక్కులు కూడా అసలువే వచ్చాయి. సోఫాలో కూర్చున్నవాళ్ళకు ఎదురుగా ప్లాట్‌ఫారం, వరండా, గంట కొట్టే పట్టా ముక్క, అన్నీ కనబడేవి.

మా వియ్యంకుడు కోనసీమలో ఇళ్ళు కట్టించే కంట్రాక్టరుగా చేసి మానేసిన మనిషి. చలికాలం కొడుకు దగ్గర గడపటానికి వచ్చారు. కళ్ళజోడు పెట్టెలో దిక్సూచి పెట్టుకుని తిరుగుతారు. వచ్చిన వారంలోనే పొయ్యి చోటు మారింది, మంచాల తలవైపు మారింది, అద్దం గోడ మారింది. అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి తన ఇంట్లో తానే గరిటె కోసం వెతుక్కునేది. ఒక్కమాట అనేది కాదు.

నేనూ అనలేదు. ఆడపిల్ల తండ్రిని కదా. పెళ్ళినాడు విడిదిలో కాఫీ చల్లారిందని ఆయన అలిగితే, అంతమందిలో నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. మగపెళ్ళివారు కదా, సర్దుకుపోవాలి అన్నారు మావాళ్ళు. పెళ్ళి ఒక్కరోజులో అయిపోయింది. ఆయన మగపెళ్ళివారు కావటం మాత్రం ఇంతవరకూ అయిపోలేదు.

ఆ రోజుల్లో అల్లుడికి ఉద్యోగంలో చిక్కు వచ్చింది. సిత్రా వైపు ఒక కంపెనీలో పైపులైన్ల ఇంజనీరు. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కంపెనీని ఇంకెవరికో అప్పజెప్పే మాటల్లో ఉన్నాడు, పాతవాళ్ళలో ఎవరి కాంట్రాక్టు పొడిగిస్తారో తెలియదు. ఇంట్లో అందరికీ దిగులే, నాకూ దిగులే. ఆ కాంట్రాక్టు చివరికి ఏమైందో ఇక్కడ రాయను. ఎలా రాసినా రెండు వైపుల్లో ఒకరు దాన్ని వాడుకుంటారు.

ఆ శుక్రవారం మొదటిసారి రైలు నడపాలి. కింది వైర్లన్నీ కలిపిపెట్టింది ఆ ఎలక్ట్రీషియన్. జగిత్యాల వైపు మనిషి, ఓవర్‌టైం లేని శుక్రవారాల్లో మామీర్ నుంచి బస్సెక్కి వచ్చేవాడు. బహ్రెయిన్‌ను దుబాయి అనేవాడు, నేను ప్రతిసారీ సరిదిద్దేవాణ్ణి, అతను ప్రతిసారీ మళ్ళీ దుబాయే అనేవాడు.

పొద్దున నేను, అమ్మాయి, అల్లుడు కలిసి కూరగాయల మార్కెట్టుకు వెళ్ళాం. వియ్యంకుడు మోకాళ్ళ నొప్పి అని ఆగిపోయారు. తిరిగి వచ్చేసరికి బల్ల మీద నేను కప్పిన దుప్పటి కప్పినట్టే ఉంది. భోజనాలయ్యాయి. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అందరినీ సోఫాల్లో కూర్చోమని, దుప్పటి రెండు కొసలూ పట్టుకుని జాగ్రత్తగా లేపాను.

స్టేషన్ వెనక్కి తిరిగి ఉంది.

మొదట అర్థం కాలేదు. వరండా ఏదని చూశాను. వరండా గోడవైపు ఉంది. పట్టాలవైపు వెనకగోడ, దాని పైన రెండు చిన్న గాలి కిటికీలు, ఒక నీళ్ళగొట్టం. భవనాన్ని కూరగాయల కత్తితో అడుగునుంచి పైకి లేపారని అంచులు చూస్తే తెలుస్తోంది. లేపినప్పుడు ప్లాట్‌ఫారం పైపొర చీరుకుపోయింది. రెండు స్తంభాలు విరిగితే జిగురుతో వంకరగా నిలబెట్టారు. నుయ్యి నిండా తెల్లసిమెంటు. బాత్రూం టైల్స్ అతికించగా మిగిలిన సిమెంటు. గిలక అందులో కూరుకుపోయి, చక్రం పళ్ళు నాలుగు మాత్రం పైకి కనబడుతున్నాయి.

ఎలక్ట్రీషియన్ బల్ల దగ్గరికొచ్చి వంగి చూశాడు. "గిదేంది పెద్దసారు, రైలు దిగినోడు గోడకు గుద్దుకుంటడు గదా," అన్నాడు. అతను నవ్వులాటకే అన్నాడు.

"నేనే తిప్పానండి బావగారు," అన్నారు మా వియ్యంకుడు. దాచుకోలేదు. ఏదో ఉపకారం చేసి, పొగిడించుకోవటానికి సిద్ధంగా ఉన్న మనిషిలా కూర్చున్నారు. "మీరొచ్చాకా చెబుదామనుకున్నానండి. అబ్బాయి కాయితం ఎందుకు కదలట్లేదా అని నాలో నేను మథనపడిపోతున్నానండి. నిన్న చూద్దును కదా, ఎదురుగుండా దక్షిణం మొహం, పైగా నైరుతిలో నుయ్యి. నైరుతిలో గొయ్యుంటే ఇంటి యజమాని నిలబడతాడా అండి?"

"అది ఇల్లు కాదు," అన్నాను. "స్టేషను."

"మనుషులు మసిలేదేగా అండి."

"మనుషులెవరూ మసలరు. అది అట్ట."

"అట్టయితే మీకంత పట్టింపెందుకండి మరి?"

ఆ ఒక్క మాటతో నా నోరు మూయించాననుకున్నారు. సోఫాలో వెనక్కి వాలారు. పక్కన వియ్యపురాలు, పెద్దవాళ్ళు ఏది చేసినా పిల్లల మంచికే కదండీ అన్నారు. అమ్మాయి నావైపు చూసి తల అడ్డంగా ఊపింది, వద్దు నాన్నా అన్నట్టు. పెళ్ళినాటి నుంచీ నాకు అలవాటైన చూపు అది. అల్లుడు టీవీ రిమోటు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు, టీవీ ఆపేసే ఉంది.

నాకు కోపం వచ్చింది ఆయన వాస్తుకు కాదు. ఎవరి నమ్మకం వారిది. నేను ఇంట్లో లేనప్పుడు, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చి, నా చేతిపనిని పెళ్ళగించి, మళ్ళీ దుప్పటి నేను కప్పినట్టే కప్పి, నాతో కలిసి కూర్చుని పప్పుచారు పోసుకున్నారు. నేను దుప్పటి లేపేదాకా చూస్తూ కూర్చున్నారు. ఒక్కసారి నన్ను అడగాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఆడపిల్ల తండ్రిని అడిగేదేముంది?

నేను అన్న మాట డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

"బావగారూ, ఆ దక్షిణం మొహం స్టేషన్లో నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క బండి పట్టాలు తప్పలేదు. ఆ నైరుతి నుయ్యి నీళ్ళు తాగి బతికాం. మీరు దిక్కులు చూసి కట్టిన ఇంట్లో నా కూతురు మొదటి వానాకాలమంతా గిన్నెలు పెట్టి నీళ్ళు పట్టింది. అది ఏ మూల దోషమో చెప్పండి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అది కోపమనుకుని క్షమించేవారేమో. ఆయన ముఖం నల్లబడింది. ఆ ఇల్లు ఆయన సొంత కొడుక్కి కట్టించిన ఇల్లు, కారింది నిజం, ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఆయన ముందు అనరు. ఆయన లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వియ్యపురాలు వెనకాలే వెళుతూ, "మేమెళ్ళిపోతామమ్మా, టికెట్లు మార్చెయ్యమను," అని అమ్మాయితో అన్నారు, నాతో కాదు. ఎలక్ట్రీషియన్ చెప్పులు వేసుకుంటూ, వైర్లు మంచిగనే ఉన్నయి పెద్దసారు అని చెప్పి వెళ్ళాడు. పాపం, బస్సు ఖర్చు పెట్టుకుని వచ్చి తాను చేసిన పని చూడకుండా పోయాడు. దానికీ నాకు కోపమే వచ్చింది.

సాయంత్రం ఆయన టీ తాగలేదు. రాత్రి భోజనానికి రాలేదు. అమ్మాయి రెండుసార్లు తలుపు తట్టింది, ఆకలి లేదన్న సమాధానం వియ్యపురాలి గొంతుతో వచ్చింది. పెళ్ళిలో అలక నాకు తెలిసిందే. ఆడపిల్లవాళ్ళు వెళ్ళి బతిమాలాలి, వాళ్ళు రెండుసార్లు కాదనాలి, మూడోసారి లేవాలి. అమ్మాయి నా పక్కన కూర్చుంది.

"ఒక్క మాట అనేసెయ్ నాన్నా. పోతుంది."

"ఏమని?"

"తప్పయిందని."

"ఎవరిది?"

ఆమెకు తెలుసు. తెలిసి కూడా అడుగుతోందంటే ఈ ఇంట్లో ఆమె రోజూ ఇలాంటివి ఎన్ని మింగుతోందో నాకు అప్పుడర్థమైంది. నా కోపం తగ్గలేదు, ఇంకా పెద్దదైంది. ఆయన్ని వదిలి ఇల్లంతా పాకింది.

అప్పుడు అల్లుడు వచ్చి నిలబడ్డాడు. మంచివాడు, చదువుకున్నవాడు, పైపులో ఎంత ఒత్తిడి ఉంటే ఎంత మందం రేకు కావాలో లెక్కగట్టే మనిషి. నాతో అద్లియా వచ్చి ఆ పట్టాలు మోసుకొచ్చింది అతనే. ఇప్పుడైనా మా నాన్న చేసింది తప్పు అంటాడని చూశాను.

"మావయ్యగారూ, కొన్నాళ్ళు అలాగే ఉంచేద్దామండి," అన్నాడు. "కాంట్రాక్టు రానీండి. తర్వాత తిప్పేసుకోవచ్చు."

"నువ్వు కూడా నమ్ముతున్నావా?"

"నమ్మకమని కాదండి. ఎందుకొచ్చిన రిస్కు అని."

ఇది నేను ఊహించలేదు. తండ్రి నమ్మి చేశాడు. ఇతను నమ్మకుండానే నా స్టేషన్‌ను వెనక్కి తిప్పి ఉంచమంటున్నాడు. రెండిట్లో ఏది ఎక్కువ మండించిందంటే ఇదే. అలాగే ఉంచితే అది అలాగే ఉండిపోతుందని నాకు తెలుసు. కాంట్రాక్టు వస్తే తిప్పినందుకే వచ్చిందంటారు, ఇక ముట్టుకోనివ్వరు. రాకపోతే ఇంకా ఏదో మూల మిగిలిందని ఇంకోటి పీకుతారు. నేను ఏ మాటా ఇవ్వకుండా లేచి వెళ్ళి పడుకున్నాను. తప్పయిందని చెప్పలేదు.

మర్నాడు శనివారం, అందరికీ సెలవు. పొద్దున్నే నేను బ్లేడు తీసుకుని బల్ల ముందు కూర్చున్నాను. ఎవరేమన్నా సరే, స్టేషన్ ముందుకు తిరగాలి. అంచు కింద బ్లేడు దూర్చుతుండగా వియ్యంకుడు స్నానం చేసి బయటికి వచ్చారు. నన్ను చూశారు. కుర్చీ లాక్కుని, కాఫీ అడక్కుండా, నన్నే చూస్తూ కూర్చున్నారు. వంటింట్లోంచి అమ్మాయి వచ్చింది. చేతికి పెసరపిండి అంటుకుని ఉంది. నేరుగా ఆయన్ని అడిగింది.

"మావయ్యగారూ, దక్షిణం చూడకూడదు, అంతేగా?"

"అంతేనమ్మా."

"నుయ్యి ఈశాన్యంలో ఉండొచ్చుగా?"

"ఈశాన్యంలో నుయ్యంటే లక్ష్మేనమ్మా."

అప్పుడు నావైపు తిరిగింది. "స్టేషన్ ఎలా ఉండేదో అలాగే అతికించుకో నాన్నా." తర్వాత మొగుణ్ణి పిలిచింది. "ఏవండీ, ఆ చివర పట్టుకోండి. బల్లే తిప్పేద్దాం."

నేను భవనాన్ని లేపి, తిప్పి, పాత గుర్తుల మీద కూర్చోబెట్టేదాకా ఇద్దరూ ఆగారు. జిగురు ఆరాక బల్లను రెండు చివరలా ఎత్తి, హాలు మధ్యకు తెచ్చి, పూర్తిగా తిప్పి, మళ్ళీ గోడకు చేర్చారు. వియ్యంకుడు కళ్ళజోడు పెట్టె తీసి, దిక్సూచిని పైకప్పు పెంకుల మీద పెట్టారు. నా పెంకుల మీద. ముఖం ఉత్తరం, నుయ్యి ఈశాన్యం. తల ఊపారు.

"ఈ మాట నిన్ననే చెబితే అయిపోయేది కదండీ బావగారు," అన్నారు. "ఊరికే నోరు పారేసుకున్నారు."

ఆ తర్వాత పెసరట్లు తిన్నారు. అల్లం చట్నీ ఇంకాస్త వెయ్యమన్నారు. వియ్యపురాలు టికెట్ల మాట ఎత్తలేదు. అమ్మాయి ముఖంలో నిన్నటి నుంచి ఉన్న బిగువు పోయింది, ఆమె కోసం నేను నోరు మూసుకున్నాను. ఆమె తెలివికి మెచ్చుకోవాలి, మెచ్చుకున్నాను కూడా, డైరీలో రాశాను. కానీ తన ఇంట్లో తన తండ్రి కట్టుకున్న స్టేషన్ తిన్నగా నిలబడటానికి, ఆ పిల్ల పిండి చేతులతో వచ్చి ఆయన దగ్గర లక్ష్మి అనే మాట రాబట్టాల్సి వచ్చింది. అది ఎవరికీ పట్టలేదు.

సూదితో నూతిలో సిమెంటు తవ్వబోయాను. సిమెంటు కదల్లేదు, నూతి గోడే ఒక పక్క పెచ్చుగా ఊడి వచ్చింది. చూసి మళ్ళీ అక్కడే పెట్టాను.

ఇప్పుడు సోఫాలోంచి చూస్తే కనబడేది స్టేషన్ వెనకభాగం. గాలి కిటికీలు, నీళ్ళగొట్టం. ప్లాట్‌ఫారం గోడవైపు. నేను బల్లను గోడనుంచి మనిషి దూరేంత జరిపి, స్టూలు తెచ్చుకుని ఆ సందులో, వీపు గోడకు ఆనించి కూర్చున్నాను. అక్కడినుంచి వరండా, గంట, వంకర స్తంభాలు, నా గది తలుపు, అన్నీ ఎదురుగా ఉన్నాయి. వాటి పైనుంచి, పెంకుల మీదుగా, సోఫాలో వియ్యంకుడు కనబడుతున్నారు.

"నడపండి బావగారు, చూద్దాం," అన్నారాయన చెయ్యి తుడుచుకుంటూ.

కరెంటు రావట్లేదన్నాను. వస్తూనే ఉంది.